వ్యాయామమే వృత్తిగా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి అడిగాయి: జిమ్ మీదున్న ఇష్టంతో ఇల్లు గడుస్తుందా అని. గడుస్తుంది. అయితే ఆ డబ్బు మీ ఒంటిని చూసి వచ్చేది కాదు. ఎదుటివాళ్ల ఒంట్లో మీరు తేగలిగిన మార్పుకి వచ్చేది. ఈ తేడా ముందే అర్థమైనవాళ్లు ఈ పనిలో నిలదొక్కుకుంటున్నారు. అందుకే జవాబులన్నీ ఆ వైపు నుంచే ఇస్తున్నాం.

ప్రశ్న: ఐదేళ్లుగా మానకుండా జిమ్ చేస్తున్నాను. ఉద్యోగం వదిలి పర్సనల్ ట్రైనర్‌గా మారాలనుంది. క్లయింట్ కట్టే ఫీజులో 40 శాతం తనకివ్వాలని జిమ్ యజమాని అంటున్నారు. సెషన్‌కి ఎంత తీసుకోవాలి? ఉద్యోగం ఎప్పుడు మానాలి?

ముందు గంటల లెక్క చూడండి. క్లయింట్లలో చాలామంది ఉద్యోగాలు చేసేవాళ్లే. వాళ్లకు కుదిరేది పనికి వెళ్లే ముందు, పని నుంచి వచ్చాక. అంటే పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు మీకు గిరాకీ. మధ్యాహ్నం జిమ్ ఖాళీ. రోజుకు ఆరు సెషన్ల చొప్పున వారానికి అయిదు రోజులు చేస్తే 30. కొత్తలో ఉత్సాహం కొద్దీ 40 పెట్టుకుంటారు. రెండు మూడు నెలలయ్యేసరికి గొంతు పోతుంది, సొంత వ్యాయామం ఆగిపోతుంది, క్లయింట్ చేసే రెప్‌లు (ఒక కదలిక ఒకసారి చేస్తే ఒక రెప్) లెక్కపెట్టేటప్పుడు మనసు ఇంకెక్కడో ఉంటుంది. దాన్ని ముందుగా పసిగట్టేది క్లయింటే. మా ఉద్దేశంలో వారానికి 25 నుంచి 30 సెషన్లు చాలు.

ఇక ధర. మీ ఇంటి నెల ఖర్చు 100 భాగాలనుకోండి. నెలకు 100 సెషన్లు పెట్టుకున్నారు. జ్వరాలు, ప్రయాణాలు, పెళ్లిళ్లు తీసేస్తే జరిగేవి 85. జిమ్ 40 శాతం తీసుకుంటే ప్రతి ఫీజులో మీకు మిగిలేది 60 శాతం. 85ని 0.6తో గుణిస్తే 51. అంటే నూరు సెషన్లు పెట్టుకున్నా మీ చేతికి వచ్చేది 51 సెషన్ల డబ్బే. కాబట్టి ఒక్కో సెషన్ ఫీజు మీ నెల ఖర్చులో దాదాపు రెండు శాతం ఉండాలి. నూరు సెషన్లున్నాయి కదా, ఒక శాతం చాలులే అనుకున్నవాళ్లకి నెలాఖరుకి సగం డబ్బే కనిపిస్తుంది. పన్ను, బీమా, మీరు సెలవు పెట్టిన వారాలు ఇందులో ఇంకా కలపలేదు. వాటికీ కొంత కలుపుకోండి. చుట్టుపక్కల ట్రైనర్లు ఎంత తీసుకుంటున్నారో కనుక్కోవడం మంచిదే, కానీ ఈ లెక్క వేసుకున్నాకే కనుక్కోండి. మీ ఖర్చు వాళ్లకు తెలియదు కదా.

40 శాతం ఎక్కువా తక్కువా అన్నది ఆ డబ్బుకి జిమ్ మీకేం చేస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. క్లయింట్లను జిమ్మే తెచ్చిస్తే ఆ వాటా న్యాయమే. మీరే తెచ్చుకునే క్లయింట్లకు తక్కువ వాటా అడగండి. లేదా నెలకు ఇంతని కట్టేసే పద్ధతి అడగండి. మీరు ఆ జిమ్ వదిలేస్తే క్లయింట్లు మీతో రావచ్చా లేదా అన్నది కాగితం మీద రాయించుకోండి. గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే.

ఉద్యోగం ఇప్పుడే మానకండి. పొద్దున పూట నలుగురు క్లయింట్లతో మొదలుపెట్టండి. అన్ని ఖర్చులూ పోగా ఈ పనిలో మిగిలేది వరసగా మూడు నెలలు మీ జీతంలో 70 శాతం దాటాలి. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉండాలి. ఈ రెండూ కుదిరాక మానండి. ఒక్క నెల బాగా నడిచిందని మానేసేవాళ్లు ఎక్కువగా కొత్త సంవత్సరం మొదట్లో మానేస్తారు. అప్పుడు జిమ్‌లన్నీ కిటకిటలాడుతుంటాయి. ఆ రద్దీ రెండు మూడు నెలల్లో పల్చబడుతుంది.

ప్రశ్న: సర్టిఫికెట్ తప్పనిసరా? నా బాడీ చూసి జనం వస్తున్నారు కదా.

రావడం వేరు, మిమ్మల్ని నమ్మి ఉండిపోవడం వేరు. సర్టిఫికెట్ చదువులో కండరాలు, కీళ్లు, గుండె ఎలా పనిచేస్తాయో ఒక క్రమంలో తెలుస్తుంది. మీ ఒంటికి పనికొచ్చిన వ్యాయామం ఇంకొకరి భుజానికి ఎందుకు నొప్పి తెస్తుందో అప్పుడు అర్థమవుతుంది. పైగా బీమా కంపెనీలు, పెద్ద జిమ్‌లు అడిగే మొదటి కాగితం అదే. అంతర్జాతీయంగా గుర్తింపున్న సర్టిఫికెట్లిచ్చే అమెరికా సంస్థల్లో ఏసీఎస్‌ఎం, ఎన్‌ఎస్‌సీఏ, ఏసీఈ, ఎన్‌ఏఎస్‌ఎం ఉన్నాయి. ఏ ఒక్కదాని సర్టిఫికెట్టయినా చాలు, నాలుగూ గోడకు తగిలించనక్కర్లేదు. దాంతోపాటు సీపీఆర్ (గుండె ఆగినవాళ్ల ఛాతీని నొక్కి బతికించే పద్ధతి), ఏఈడీ (ఆగిన గుండెకు షాక్ ఇచ్చే పరికరం) వాడకం నేర్చుకోండి. వీడియో చూసి నేర్చుకోకండి, బొమ్మ మీద చేతులు పెట్టి నేర్చుకోండి. ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. ఆ లోతు ఎంతో చేతికి తెలియాలంటే చేసి చూడాల్సిందే.

ప్రశ్న: ఫ్లోర్ ట్రైనర్‌గా చేరి నెల అయింది. నా దగ్గరికి వచ్చే కొత్తవాళ్లు వారం పది రోజుల్లో మానేస్తున్నారు. బాగా చేయిస్తున్నాను, చెమట పట్టిస్తున్నాను. ఎక్కడ తప్పు జరుగుతోంది?

తప్పు బహుశా ఆ చెమటలోనే ఉంది. అలవాటు లేని ఒంటితో మొదటి రోజే బాగా చేయిస్తే మరునాటికి నొప్పి మొదలై రెండో రోజుకో మూడో రోజుకో ముదురుతుంది. మెట్లు దిగలేరు, కుర్చీలోంచి లేవలేరు. ‘ఇది నావల్ల కాదు’ అని తీర్మానించుకుంటారు. ఇంకా పెద్ద ప్రమాదం కూడా ఉంది. కొత్తవాళ్లతో వందల స్క్వాట్లు (గుంజీల్లా కూర్చుని లేవడం), ఓపిక పోయేదాకా పులప్‌లు (కడ్డీ పట్టుకుని ఒంటిని పైకి లాగడం) చేయిస్తే కండరాలు చితికి, అందులోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాల్ని దెబ్బతీయవచ్చు. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా, కండరం వాచి బిగుసుకుపోయినా ఆగకుండా ఆసుపత్రికి పంపండి. ఈ సంగతి ప్రతి కొత్త క్లయింట్‌కీ మొదటి రోజే చెప్పాలి.

మొదటి సెషన్ ఇలా నడపండి. మొదటి పది నిమిషాలు బరువులు ముట్టుకోకుండా కూర్చోబెట్టి మాట్లాడండి. పార్-క్యూ అని ఏడు ప్రశ్నల పత్రం ఒకటుంది. గుండె జబ్బు ఉందని డాక్టర్ చెప్పారా, శ్రమ పడ్డప్పుడు ఛాతీలో నొప్పి వస్తుందా, గత నెలలో ఊరికే ఉన్నప్పుడు ఛాతీ నొప్పి వచ్చిందా, కళ్లు తిరిగి పడిపోతుంటారా, ఎముకల్లో కీళ్లలో ఇబ్బంది ఉందా, బీపీకో గుండెకో మందులు వాడుతున్నారా, వ్యాయామం చేయకూడని కారణం ఇంకేమైనా ఉందా అని అడుగుతుంది. ఒక్కదానికి అవునని వచ్చినా డాక్టర్ చీటీ తెచ్చాకే బరువులు. బీపీ మందుల పేర్లు కూడా రాసుకోండి. వాటిలో బీటా బ్లాకర్లు (గుండె వేగాన్ని తగ్గించే మందులు) ఉంటే శ్రమ పడినా గుండె వేగం అంతగా పెరగదు. వాచీలో అంకె చూసి ‘ఇంకా తేలిగ్గానే చేస్తున్నారు’ అనుకుంటే మోసపోతారు. అలాంటివాళ్లతో చేస్తూ మాట్లాడించండి. నాలుగు మాటలు కలిపి చెప్పగలిగితే సరైన వేగం. బీపీ మిషన్ దగ్గరుంచుకోండి. పై అంకె 180 గానీ కింది అంకె 110 గానీ దాటితే ఆ రోజు వ్యాయామం లేదు, డాక్టర్ దగ్గరికే.

తర్వాత ఐదు కదలికలు చాలు: కూర్చుని లేవడం, నడుము దగ్గర వంగడం, తొయ్యడం, లాగడం, బరువు పట్టుకుని నడవడం. ఒక్కోటి రెండు సెట్లు, సెట్‌కి 8 నుంచి 10 రెప్‌లు. ఇంకో మూడు నాలుగు చేయగలను అన్న దగ్గర ఆపించండి. ‘ఇంతేనా?’ అంటూ ఇంటికి వెళ్లాలి. అలా వెళ్లినవాళ్లు మళ్లీ వస్తారు.

నడుము వంచడం నేర్పేటప్పుడు ఒక సన్నని కర్ర తీసుకుని క్లయింట్ వీపు మీద నిలువుగా ఆనించండి. అది మూడు చోట్ల తగలాలి: తల వెనక, రెండు రెక్కల ఎముకల మధ్య, నడుము కింది ఎముక మీద. ఒక చేత్తో మెడ వెనక, ఇంకో చేత్తో నడుము దగ్గర కర్రను వాళ్లనే పట్టుకోమనండి. మోకాళ్లు కొద్దిగా సడలించి, వెనక ఉన్న తలుపును పిరుదులతో మూస్తున్నట్టు వెనక్కి జరపమనండి. కర్ర కింది ఎముక నుంచి లేచిందంటే నడుము గుండ్రమవుతోంది. తల దగ్గర లేచిందంటే గడ్డం ఛాతీలోకి దించుతున్నారు. రెక్కల మధ్య ఖాళీ వచ్చిందంటే వీపు మరీ విల్లులా వంచుతున్నారు. మీరు నోరు తెరవక్కర్లేదు, తప్పు ఎక్కడుందో కర్రే వాళ్ల చేతికి చెబుతుంది. మూడు చోట్లా కదలకుండా పది రెప్‌లు వచ్చాకే చేతికి డంబెల్ ఇవ్వండి.

స్క్వాట్‌లో మడమలు లేస్తుంటే చీలమండ బిగుసుకుపోయి ఉండొచ్చు. మడమల కింద రెండు చిన్న బరువు ప్లేట్లు (రాడ్‌కి తగిలించే ఇనుప బిళ్లలు) పెట్టి చూడండి. వెంటనే సరయితే కారణం అదే. మోకాళ్లు లోపలికి పడుతుంటే బరువు తగ్గించి, మోకాళ్లను కాలివేళ్ల దిశలో బయటికి తొయ్యమనండి. ఒక సెట్‌లో ఒక్క తప్పే దిద్దండి. ‘వీపు నిటారుగా, మోకాళ్లు బయటికి, ఊపిరి తీసుకో, చూపు ముందుకు’ అని నాలుగు ఒకేసారి చెబితే ఒక్కటీ చెవికెక్కదు. మీరు నిలబడాల్సింది కూడా ఎదురుగా కాదు, కొద్దిగా పక్కకు, ఏటవాలుగా. అక్కడి నుంచి వీపు, మోకాలు, మడమ మూడూ కనిపిస్తాయి.

చివరగా నోట్‌బుక్. తేదీ, వ్యాయామం, బరువు, రెప్‌లు, ‘ఎడమ భుజం పట్టేసింది’ లాంటి ఒక్క మాట. ఆరో వారంలో ఆ పుస్తకం తెరిచి ‘మొదటి రోజు మీరు 6 కిలోలతో మొదలుపెట్టారు, ఇవాళ 16’ అని చూపించండి. క్లయింట్‌ని రెన్యువల్‌కి ఒప్పించడానికి అంతకు మించిన మాట మీకు దొరకదు. సెషన్ నడుస్తున్నంతసేపూ ఫోన్ జేబులోంచి తీయకండి. సమయం కొలవడానికి చేతి గడియారం వాడండి.

ప్రశ్న: బాడీబిల్డింగ్ పోటీల్లో గెలిచి ఆ డబ్బుతో బతకవచ్చా? నా వయసు 22.

పోటీ డబ్బు మీదే బతికేవాళ్లు ప్రపంచం మొత్తం మీద చాలా కొద్దిమంది. ఈ రంగం చరిత్రంతా అదే చెబుతుంది. ఆధునిక బాడీబిల్డింగ్‌కి ఆద్యుడనిపించుకున్న యూజెన్ శాండో 1901లో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో పెద్ద దేహదారుఢ్య పోటీ పెట్టాడు. అయితే అప్పటికి నాలుగేళ్ల ముందే, 1897లో, వ్యాయామ శిక్షణాలయం తెరిచాడు. దాంతోపాటు పత్రిక నడిపాడు, తపాలా ద్వారా పాఠాలు అమ్మాడు. ఆర్నాల్డ్ స్క్వార్జెనెగర్ మిస్టర్ ఒలింపియాగా (బాడీబిల్డింగ్‌లో అన్నిటికన్నా పెద్ద పోటీ విజేతగా) ఉన్న రోజుల్లోనే తోటి బాడీబిల్డర్ ఫ్రాంకో కొలంబుతో కలిసి ఇటుక పని వ్యాపారం చేశాడు, తపాలా ద్వారా శిక్షణ పుస్తకాలు అమ్మాడు. 1992 నుంచి 1997 దాకా వరసగా ఆరుసార్లు అదే పోటీ గెలిచిన డోరియన్ యేట్స్‌కి బర్మింగ్‌హామ్‌లో సొంత జిమ్ ఉండేది. రోనీ కోల్‌మన్ 1998లో మొదటిసారి మిస్టర్ ఒలింపియా గెలిచేనాటికి టెక్సస్‌లో పోలీసు ఉద్యోగంలో ఉన్నాడు. వీళ్లంతా శిఖరం మీద ఉన్నవాళ్లు. వీళ్లకే రెండో ఆదాయం ఉందంటే మీకూ ఉండాలి.

ఇది పోటీకి వెళ్లొద్దని చెప్పడం కాదు. 22 ఏళ్లకు తప్పకుండా వెళ్లండి. ఒక్కసారి స్టేజ్ ఎక్కినవాళ్లకి ఆకలి అంటే ఏమిటో, నీరసంలో కూడా పద్ధతి తప్పకపోవడం అంటే ఏమిటో తెలుస్తుంది. రేపు మీ క్లయింట్ ‘ఉండలేకపోతున్నా’ అన్నప్పుడు ఆ మాట మీకు అర్థమవుతుంది. కాకపోతే డబ్బు కోణంలో దాన్ని పెట్టుబడిగా చూడండి. ప్రవేశ రుసుం, ప్రయాణం, స్టేజ్ రంగు, ట్రంక్స్, కోచ్ ఫీజు, నెలల తరబడి తిండి, అన్నీ ముందే రాసుకోండి. కటింగ్‌కి, అంటే పోటీకి ముందు కొవ్వు తగ్గించడానికి, 12 నుంచి 16 వారాలు పెట్టుకోండి. వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి ఒక శాతం మించి తగ్గితే కండ కూడా కరగడం మొదలవుతుంది. చివరి మూడు వారాల్లో మీ ఓపిక, సహనం రెండూ పడిపోతాయి కాబట్టి ఆ సమయంలో కొత్త క్లయింట్లను తీసుకోకండి.

పోజింగ్‌ని (స్టేజ్ మీద కండలు చూపించే భంగిమల సాధనని) చివరి నెలకు వదిలేయడం కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు. కండ ఉండి కూడా చూపించలేక ఓడిపోయేవాళ్లు ప్రతి పోటీలో ఉంటారు. ఎనిమిది వారాల ముందు నుంచే రోజుకు పావుగంట, తర్వాత అరగంట సాధన చేయండి. అద్దం ముందు కొంత, అద్దం లేకుండా కొంత. స్టేజ్ మీద అద్దం ఉండదు. ఒక్కో పోజు 20 సెకన్లు ముఖం చిట్లించకుండా పట్టి ఉంచగలగాలి.

స్పాన్సర్లు వస్తే సంబరపడే ముందు ఒప్పందం చదవండి. చాలాసార్లు ఇచ్చేది సప్లిమెంట్ డబ్బాలే, డబ్బు కాదు. మీ ఫొటోలు ఎన్నేళ్లు వాడుకుంటారు, వేరే కంపెనీతో పనిచేయకూడదన్న నిబంధన ఎన్నాళ్లు, డబ్బు ఏ తేదీకి ఇస్తారు, ఈ మూడు చూడండి.

ప్రశ్న: క్లయింట్లే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు అడుగుతున్నారు. నేను ఇవ్వకపోతే పక్క ట్రైనర్ ఇస్తాడు. కమీషన్ కూడా బాగా వస్తుందంటున్నారు. ఏం చేయాలి?

ఇవ్వకండి, అమ్మకండి, మోతాదు కూడా చెప్పకండి. ఈ ఒక్క విషయంలో మా దగ్గర మధ్యే మార్గం లేదు.

కారణాలు తెలుసుకుని ఉంటే క్లయింట్‌కి చెప్పగలుగుతారు. ఈ స్టెరాయిడ్లు మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ లాంటివే. బయటి నుంచి అవి వెళ్తే ఒంట్లో సొంత టెస్టోస్టిరాన్ తయారీ ఆగిపోతుంది, వీర్యకణాలు పడిపోతాయి. మానేశాక కోలుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి పూర్తిగా తిరిగి రాదు. మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది. రక్తంలో ఎర్రకణాలు పెరిగి రక్తం చిక్కబడుతుంది. గుండె గోడ మందమవుతుంది. మాత్రల రూపంలో తీసుకునేవి చాలావరకు కాలేయం మీద భారం వేస్తాయి. బయట దొంగచాటుగా దొరికే సీసాలో లేబుల్ మీద రాసిందే ఉందని చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు. స్టేజ్ ఎక్కే ముందు ఒంట్లో నీరు తీసేయడానికి వాడే మాత్రలు మరీ ప్రమాదం. పొటాషియం తేడా పడితే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది.

వ్యాపారం వైపు నుంచి చూసినా నష్టమే. మందుతో వచ్చిన మార్పుని మీ పోస్టర్ మీద వేస్తే, మందు లేకుండా వచ్చేవాళ్లు కూడా మూడు నెలల్లో అదే ఆశిస్తారు. అది రాదు. వాళ్లు మానేస్తారు, మానేసి ఊరుకోరు. ఒక్కరి ప్రాణం మీదికి వచ్చినా మీ వృత్తి అక్కడితో సరి.

క్లయింట్ అడిగినప్పుడు కసురుకోకండి. ‘అది నా పని కాదు, నాకు తెలిసిన పద్ధతిలో ఆరు నెలలు చేద్దాం’ అనండి. అప్పటికే వాడుతున్నారని తెలిస్తే డాక్టర్‌కి దాచకుండా చెప్పి రక్తపరీక్షలు చేయించుకోమనండి. పక్క ట్రైనర్ దగ్గరికి వెళ్లిపోయేవాళ్లు వెళ్లనివ్వండి.

సప్లిమెంట్లు అమ్మడం వేరే సంగతి. దాంట్లోనూ పనిచేసేవి తక్కువే. ప్రోటీన్ పొడి తిండిలో తక్కువైనదాన్ని పూరించడానికే. కండ పెంచాలనుకునేవాళ్లకి రోజు మొత్తంలో కిలో బరువుకి 1.6 నుంచి 2.2 గ్రాముల ప్రోటీన్ తిండితోనే అందితే పొడి అవసరం లేదు. క్రియాటిన్ మోనోహైడ్రేట్ (కండరాలకు శక్తినిచ్చే పొడి) రోజుకు 3 నుంచి 5 గ్రాములు పనిచేస్తుంది. మొదట్లో కిలో దాకా బరువు పెరిగితే అది కండరాల్లో చేరిన నీరని ముందే చెప్పండి, లేకపోతే కొవ్వనుకుని భయపడతారు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఈ రెండూ డాక్టర్‌ని అడిగాకే. ‘కొవ్వు కరిగించే’ పొడుల జోలికి పోకండి. గుండెకు ప్రమాదమని 2010లో అమెరికా, యూరప్ మార్కెట్ల నుంచి తీసేసిన సైబ్యుట్రమిన్ లాంటివి అలాంటి వాటిలో రహస్యంగా కలిపి దొరికిన సందర్భాలున్నాయి. పోటీలకు వెళ్లే క్రీడాకారులకైతే, నిషిద్ధ మందులు కలిశాయేమో పరీక్షించి వేసే ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్ గానీ ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్ గానీ ముద్ర ఉన్నవే, అదీ బ్యాచ్ నంబర్ సరిచూసి. మీకు కమీషన్ వస్తుంటే ఆ మాట క్లయింట్‌కి చెప్పే అమ్మండి.

ప్రశ్న: స్నేహితులం ముగ్గురం కలిసి వెయ్యి చదరపు అడుగుల్లో చిన్న జిమ్ పెట్టాలనుకుంటున్నాం. ఏ సామాను కొనాలి? ఎక్కడ దెబ్బ తింటాం?

ఆ జాగాకి మెషిన్ల కన్నా రాక్‌లు (రాడ్ ఆనించే ఇనుప చట్రాలు), రాడ్‌లు, డంబెల్స్ నయం. ఒక మెషిన్ మీద సాధారణంగా ఒకే కదలిక. ఒక రాక్‌లో స్క్వాట్, బెంచ్, ప్రెస్, పులప్ అన్నీ అవుతాయి. ఒలింపిక్ రాడ్ పొడవు 2.2 మీటర్లు, బరువు 20 కిలోలు. రెండు వైపులా ప్లేట్లు ఎక్కించేవాళ్లు నిలబడాలి కాబట్టి రాక్‌కి 3.5 మీటర్ల వెడల్పు వదలండి. పైకప్పు కూడా కొలవండి. పెద్ద ప్లేట్ వ్యాసం 45 సెంటీమీటర్లు. ఆరడుగుల మనిషి రాడ్ తలపైకి ఎత్తితే ప్లేట్ అంచు ఎనిమిది అడుగులు దాటవచ్చు. ఫ్యాన్ ఎక్కడుందో అప్పుడు గుర్తుకొస్తే లాభం లేదు.

రెండు రాక్‌లు, సర్దుకునే బెంచీలు మూడు, ఒక కేబుల్ మెషిన్, ఒకటో రెండో కార్డియో మెషిన్లు, డంబెల్స్. డంబెల్స్ 2.5 నుంచి 30 కిలోల దాకా రెండున్నర చొప్పున కొంటే 12 జతలు, మొత్తం 390 కిలోలు. అందులో 5 నుంచి 12.5 దాకా రెండేసి జతలు పెట్టండి. సాయంత్రం అందరి చేతులూ వాటి మీదే ఉంటాయి. అర కిలో, 1.25 కిలోల చిన్న ప్లేట్లు మరవకండి. ఖాళీ రాడ్‌తో బెంచ్ చేసే ఆమెకి రెండు పక్కలా 2.5 వేస్తే 20 కాస్తా 25 అవుతుంది, ఒక్కసారిగా 25 శాతం పెరిగినట్టు. అర కిలోవి వేస్తే 21, అయిదు శాతమే. కొత్తవాళ్లు మానకుండా ఉండటంలో ఈ చిన్న ప్లేట్ల పాత్ర చాలా ఉంది.

పాత సామాను కొనేటప్పుడు తూకం మిషన్ వెంట తీసుకెళ్లండి. 20 అని అచ్చు ఉన్న ప్లేట్లు ఒకటి 19, ఒకటి 21 ఉంటే రాడ్ ఒక పక్కకు లాగుతుంది, ఆ లాగుడు నడుము మీద పడుతుంది. రాడ్‌ని చదునైన నేల మీద దొర్లించి చూడండి. మధ్యలో ఎగిరెగిరి పడుతుంటే వంగిపోయింది, వదిలేయండి.

నేల గురించి చాలామంది ఆలోచించరు. 8 మిల్లీమీటర్ల రబ్బరు మామూలు నడకకి, డంబెల్స్‌కి సరిపోతుంది. డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్‌ని పైకెత్తడం) చేసే చోట ప్లైవుడ్ రెండు పొరలు వేసి, ప్లేట్లు పడే చోట 20 మిల్లీమీటర్ల పైన మందమున్న రబ్బరు వేయండి. మేడ మీదైతే అడ్వాన్స్ ఇవ్వకముందే స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చూపించండి. బరువు ఆగినా చప్పుడు ఆగదు. కింది వాళ్లతో తగాదా పడి మూతపడిన జిమ్‌లున్నాయి.

సామాను పాడయ్యేది ఎక్కువగా కేబుల్, ట్రెడ్‌మిల్. కేబుల్ తీగ తెగేది సాధారణంగా చివర బిగించిన చోట, లేకపోతే కప్పీ మీద వంగే చోట. వారానికోసారి ప్లాస్టిక్ తొడుగు మీద వేలు పెట్టి పొడవునా జరపండి. పగులు తగిలినా, లోపలి తీగ పోగు కనిపించినా ఆ రోజే మెషిన్ ఆపి కాగితం అంటించండి. ట్రెడ్‌మిల్ బెల్టు కింద సిలికాన్ నూనె ఎండిపోతే రాపిడి పెరుగుతుంది, మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది, చివరికి కంట్రోల్ బోర్డు కాలుతుంది. ట్రెడ్‌మిల్‌కి వేరే లైన్, వేరే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే ఆపేసే స్విచ్) వేయించండి. వెనకాల రెండు మీటర్లు ఖాళీ వదలండి. జారిపడ్డ మనిషికి గోడ తగలకూడదు. రాడ్ల మీద చెమట ఉంటే తుప్పు పడుతుంది కాబట్టి నెలకోసారి నైలాన్ బ్రష్‌తో రుద్ది పల్చగా నూనె రాయండి. బ్లీచ్‌తో తుడిస్తే పూత పోతుంది.

ఇక దెబ్బ తినే చోటు. మొదటి నెల ఏడాది ఫీజులు కట్టించుకుంటారు, గల్లా నిండుతుంది, ఆ డబ్బుతో ఇంకో ట్రెడ్‌మిల్ కొంటారు. ఆరో నెలకి అద్దెకి డబ్బుండదు. ఏడాది ఫీజు మీరు ఇంకా చేయని పనికి ముందే తీసుకున్న సొమ్ము. దాన్ని వేరే ఖాతాలో వేసి నెలకు పన్నెండో వంతే వాడుకోండి. ఇంకో లెక్క కూడా గోడ మీద రాసుకోండి. 200 మంది సభ్యుల్లో నెలకు 5 శాతం మానేస్తే 10 మంది. ఉన్నచోట నిలబడటానికే ఏడాదికి 120 మంది కొత్తవాళ్లు కావాలి. కొత్తవాళ్ల కోసం ప్రకటనలకి పెట్టే డబ్బులో సగం, వారం రోజులు రాని పాతవాళ్లకి ఫోన్ చేసే మనిషికి జీతంగా పెట్టండి. ‘ఒంట్లో బాగుందా, రేపు వస్తారా?’ అన్న పలకరింపు చేసే పని పెద్ద బోర్డు చేయలేదు.

ముగ్గురు భాగస్వాములు అన్నారు కాబట్టి, ఎవరు ఎన్ని గంటలు జిమ్‌లో ఉంటారు, ఆ గంటలకి జీతం ఎంత, లాభంలో వాటా ఎంత అన్నవి విడివిడిగా రాసుకోండి. పనికి జీతం, పెట్టుబడికి వాటా. ఈ రెండూ కలగలిపితే ఏడాదిలో స్నేహం చెడుతుంది.

ప్రశ్న: ఇంట్లో చిన్నపిల్లలున్నారు, జిమ్‌కి వెళ్లి ట్రైనింగ్ ఇవ్వలేను. ఆన్‌లైన్‌లో క్లయింట్లను చూసుకోవచ్చా? వీడియోలతో డబ్బు వస్తుందా?

చూసుకోవచ్చమ్మా. ముందు వీడియోల సంగతి. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కి (చిన్న వీడియోలకి) కోటి వీక్షణలు. అక్కడికి చేరాక కూడా మొదట్లో వచ్చేది కొంచెమే. వీడియోని దుకాణం ముందు బోర్డులా వాడుకోండి. ఎవరికి నేర్పుతారో తేల్చుకుని వాళ్లకే చేయండి. ‘ప్రసవం తర్వాత మళ్లీ వ్యాయామం’ లాంటి ఒక్క దారి పట్టుకుంటే వందమంది చూసినా అందులో కొందరు క్లయింట్లు కావచ్చు. ఆ దారిలోనే వెళ్తే డాక్టర్ అనుమతి తప్పనిసరి అని పెట్టుకోండి, పొట్ట కండరాలు విడిపోయి ఉన్నాయేమో చూడటం నేర్చుకోండి.

ఆన్‌లైన్‌లో మీ చేయి క్లయింట్‌కి అందదు, కాబట్టి కన్ను సరిగ్గా ఉండాలి. ఫోన్‌ని నడుము ఎత్తులో, ఏటవాలుగా, పాదాలు కూడా కనిపించేలా పెట్టి ఆఖరి సెట్ తీసి పంపమనండి. మొదటి సెట్ అందరూ చక్కగానే చేస్తారు, తప్పులు బయటపడేది ఆఖరి సెట్‌లో. బరువు రోజూ పొద్దున చూసుకుని వారం సగటు పంపాలి. ఒక్క రోజు అంకె ఉప్పుతోనూ నెలసరితోనూ కిలో అటూ ఇటూ ఊగుతుంది. ఆడవాళ్లకైతే ఈ నెలసరి మొదటి వారాన్ని పోయిన నెలసరి మొదటి వారంతో పోల్చండి. బొడ్డు దగ్గర నడుము కొలత, ఒకే చోట ఒకే వెలుతురులో తీసిన ఫొటోలు కూడా. ఆ ఫొటోలు బయట వాడాలంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

ఒక్కో క్లయింట్‌కి వారానికి 20 నిమిషాలు పడుతుంది. 30 మంది అంటే వారానికి పది గంటలు. పిల్లలు నిద్రపోయాక చేసుకోగలిగిన పనే. అయితే దాన్ని కాపాడుకోవాలంటే చెక్-ఇన్‌కి (క్లయింట్లు వారం వివరాలు పంపడానికి) ఒక రోజు, జవాబులకి ఒక సమయం పెట్టి మొదట్లోనే చెప్పండి. అర్ధరాత్రి వచ్చిన మెసేజ్‌కి ఒక్కసారి జవాబిచ్చారంటే ఇక రోజూ ఇవ్వాల్సిందే.

షుగర్‌కి ఇన్సులిన్ వాడేవాళ్లు, గర్భిణులు, గుండె ఆపరేషన్ అయినవాళ్లు వస్తే డాక్టర్ రాతపూర్వక సలహా లేకుండా మొదలుపెట్టకండి. ఇన్సులిన్ మీదున్న మనిషికి వ్యాయామం మధ్యలో గానీ తర్వాత గంటల్లో గానీ చక్కెర పడిపోవచ్చు. ఆ సమయంలో మీరు పక్కన ఉండరు.

ప్రశ్న: క్లయింట్ చివరి నిమిషంలో ‘ఇవాళ రాను’ అని మెసేజ్ పెడతారు. డబ్బు అడగాలంటే మొహమాటం.

మొహమాటం మీ నోటికే, కాగితానికి ఉండదు. మొదటి రోజే ఒక పేజీ మీద రాసి సంతకం తీసుకోండి: 24 గంటల ముందు చెబితే సెషన్ మారుస్తాం, తర్వాత చెబితే అది అయిపోయినట్టే. ఫీజు ముందుగానే తీసుకోండి. 12 సెషన్లు ఒక కట్టగా, ఆరు వారాల్లో వాడుకునేలా. నెలకు ఒక్కసారి జ్వరానికో ఇంట్లో కష్టానికో మినహాయింపు మీరే ఇవ్వండి, అదీ కాగితంలోనే రాయండి. మీరు ఆలస్యంగా వచ్చినా, రాకపోయినా క్లయింట్‌కి ఒక సెషన్ ఉచితమని అదే పేజీలో రాయండి. రెండు వైపులా కట్టుబాటు కనిపిస్తే సంతకం పెట్టడానికి ఎవరూ వెనకాడరు.